పెరటి ఈతకొలను, పంపు మోటారు, మూడు తీగలు

డల్లాస్, హ్యూస్టన్, ఫీనిక్స్ లాంటి ఎండ ఊళ్ళలో ఇల్లు కొనే మనవాళ్ళకి ఒక్కోసారి ఇంటితోపాటు పెరట్లో ఈతకొలను కూడా వచ్చేస్తుంది. పిల్లల సరదా సంగతి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళ దృష్టి మాత్రం గోడవారగా గుడగుడలాడుతూ ఉండే పంపు మీదకి వెళ్ళదు, అది ఆగిపోయేదాకా. కొలనులో నీళ్ళని రోజూ కొన్ని గంటలపాటు వడపోత గుండా తిప్పకపోతే వారం తిరిగేసరికి అది ఊరి చెరువులా పచ్చబడిపోతుంది. ఆ తిప్పే పని చేసే మోటారు ఎండలో, వానలో, క్లోరిన్ ఆవిర్లలో ఏళ్ళతరబడి పనిచేసి, సరిగ్గా జులై ఎండల్లో చేతులెత్తేస్తుంది.

అప్పుడు మన ముందు రెండు దార్లు ఉంటాయి. ఎలక్ట్రీషియన్ని పిలవడం ఒకటి. వాళ్ళు చెప్పే రేటు విని గుండె పట్టుకుని, అలాంటి మోటారే ఇంటర్నెట్లో కొని, వీడియో చూస్తూ మనమే బిగించుకోవడం రెండోది. వీడియోలో చూస్తే చాలా తేలిగ్గానే ఉంటుంది. నాలుగు బోల్టులు, మూడు తీగలు, అరగంట పని. బోల్టుల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ మూడు తీగల గురించీ, వీడియోలో సాధారణంగా కనపడని నాలుగో తీగ గురించీ చెప్పుకుందాం.

ఇదంతా అతి జాగ్రత్త అనుకోకండి. 2013లో హ్యూస్టన్‌లో ఒక హోటల్ ఈతకొలనులో, నీళ్ళలోకి పాకిన కరెంటుకి చిక్కుకున్న తమ్ముణ్ణి కాపాడబోయి ఒక యువకుడు చనిపోయాడు. 2014 ఏప్రిల్లో ఫ్లోరిడాలోని నార్త్ మయామిలో ఏడేళ్ళ పిల్లవాడు సొంత ఇంటి కొలనులోనే, లైటు వైరింగులో లోపం వల్ల ప్రాణం పోగొట్టుకున్నాడు. అది జరిగిన కొద్ది రోజులకే, అక్కడికి దగ్గర్లోని హయలీయాలో అపార్ట్‌మెంటు కొలనులో ముగ్గురు పిల్లలకి షాకు కొట్టింది. ఈసారి లోపం పంపు వైరింగులో ఉంది. అదృష్టవశాత్తూ ఆ పిల్లలు బతికి బయటపడ్డారు. నార్త్ మయామి పిల్లవాడి పేరుతోనే ఫ్లోరిడా రాష్ట్రం 2016లో ఈతకొలనుల విద్యుత్ భద్రత మీద ఒక టాస్క్‌ఫోర్స్ వెయ్యాలని చట్టం చేసింది. ఇవన్నీ అడవిలోనో, ఫ్యాక్టరీలోనో జరిగినవి కావు. మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లో, మనం వెకేషన్‌కి వెళ్ళి దిగేలాంటి హోటళ్ళలో జరిగినవి.

ఎంత కరెంటు ఎక్కువ?

షాకు కొట్టేది వోల్టేజి అనుకుంటాం కానీ, ఒంట్లోంచి ప్రవహించే కరెంటే హాని చేసేది. ఎంత కరెంటు పారుతుందో వోల్టేజిని ఒంటి నిరోధంతో భాగిస్తే వస్తుంది. పొడి చర్మానికి నిరోధం వేల ఓముల్లో ఉంటుంది. అందుకే చిన్నప్పుడు స్విచ్చిబోర్డు దగ్గర చురుక్కుమన్నా చెయ్యి లాక్కుని బతికిపోయాం. ఒళ్ళు తడిసిందంటే ఆ నిరోధం వెయ్యి ఓముల దగ్గరకి పడిపోతుంది. నీళ్ళలో మునిగి ఉన్నప్పుడు అంతకన్నా తక్కువే. వెయ్యి ఓములే అనుకున్నా 120 వోల్టులకి 120 మిల్లీఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పి కొట్టుకోవడానికి అది చాలు.

ఈ లెక్కలు మొదట శ్రద్ధగా కట్టినవాడు బర్కిలీలోని కేలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేసిన ఛార్లెస్ డాల్జియెల్. చేతిలో పట్టుకున్న తీగని మనిషి తనంతట తాను ఎంత కరెంటు దాకా వదిలిపెట్టగలడు అన్న ప్రశ్నకి, ఆయన వాలంటీర్లని కూర్చోపెట్టి, డాక్టర్ల సమక్షంలో, సమాధానం కొలిచాడు. సగటున మగవాళ్ళకి 16 మిల్లీఆంపియర్లు, ఆడవాళ్ళకి 10.5 అని తేలింది. అయితే ఇక్కడ సగటుతో పని జరగదు. వెయ్యి మందిలో 995 మంది వదిలించుకోగల హద్దు చూస్తే అది మగవాళ్ళకి 9, ఆడవాళ్ళకి 6 మిల్లీఆంపియర్లు మాత్రమే. ఆ హద్దు దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. నేల మీద ఉన్న మనిషి అయితే తీగని వదల్లేడు, నీళ్ళలో ఉన్న మనిషి ఈదలేడు. కొలనులో గుండె ఆగేంత కరెంటు అక్కర్లేదు, చేతులూ కాళ్ళూ కదలనంత ఉంటే చాలు, మిగతా పని నీళ్ళే చేసేస్తాయి.

ఇప్పుడు మీ ఇంటి బ్రేకరు సంగతి చూడండి. దాని మీద 20 అని ఉంటుంది. అది 20 ఆంపియర్లు, అంటే 20,000 మిల్లీఆంపియర్లు. ఆరు మిల్లీఆంపియర్లతో మనిషి ప్రమాదంలో పడతాడు, ఇరవై వేలు దాటితే గానీ బ్రేకరుకి చీమ కుట్టినట్టు ఉండదు. బ్రేకరు ఉన్నది గోడలోని తీగని కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. ఇది తెలియకనే "బ్రేకరుందిగా, పడిపోతుందిలే" అనే భరోసా పుట్టింది.

గొయ్యి తవ్వి ఉప్పు పోస్తే?

మన ఊళ్ళలో పొలం మోటారు షాకు కొడుతోందంటే మొదట ఇచ్చే సలహా "ఎర్తు సరిగ్గా లేదు" అని. గొయ్యి తవ్వి, గొట్టం పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోస్తారు. ఆ సంస్కారంతోనే ఇక్కడ కూడా కొందరు పంపు పక్కన ఒక రాగి కడ్డీ పాతి, దానికి మోటారుని కట్టేసి హాయిగా నిద్రపోతారు. దాంతో పని జరగదు. ఎందుకో లెక్క కట్టి చూద్దాం.

నేలలో పాతిన కడ్డీకి నిరోధం 25 ఓములు అనుకుందాం. అది మంచి కడ్డీ కిందే లెక్క. మోటారులో ఒక తీగ తొడుగు చెడి, లోహపు డొక్కుకి తగిలింది. డొక్కు మీద 120 వోల్టులు ఉంది. కడ్డీ గుండా నేలలోకి పోయే కరెంటు 120 ని 25 తో భాగిస్తే 4.8 ఆంపియర్లు. మన 20 ఆంపియర్ల బ్రేకరు దృష్టిలో అది ఒక చిన్న హీటరు వాడకం. కాబట్టి పడదు. డొక్కు అలాగే కరెంటుతో నిలబడి ఉంటుంది, తడి కాళ్ళతో వచ్చి ముట్టుకునేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ.

కరెంటుకి నేలలోకి ఇంకిపోవాలని ప్రత్యేకమైన కోరికేమీ లేదు. బయల్దేరిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే తిరిగి పోవాలని చూస్తుంది. అందుకని దానికి తిరిగి పోయే తిన్నని, వెడల్పైన దారి వెయ్యాలి. ఆ దారే పంపు నుంచి ఇంటి మెయిన్ ప్యానెల్ దాకా వచ్చే ఆకుపచ్చ తీగ. మెయిన్ ప్యానెల్లో అది న్యూట్రల్‌తో కలుస్తుంది. ఈ దారి మొత్తం నిరోధం అర ఓము ఉందనుకోండి, అదే లోపానికి 240 ఆంపియర్లు దూసుకొస్తాయి. అప్పుడు బ్రేకరు రెప్పపాటులో పడిపోతుంది. కొలను పంపుకి ఈ ఆకుపచ్చ తీగ తొడుగున్న రాగిది అయి ఉండాలనీ, 12 నంబరు కన్నా సన్నగా ఉండకూడదనీ ఇక్కడి నియమం. అల్యూమినియం కాకుండా రాగి ఎందుకంటే, పంపు దగ్గర వీచే గాలిలో క్లోరిన్, యాసిడ్ ఆవిర్లు ఉంటాయి. వాటిని కొంతైనా తట్టుకోవాలి కదా. మోటారు పక్కనే యాసిడ్ డబ్బాలు నిలవ పెట్టే అలవాటున్నవాళ్ళు ఒక్కసారి ఆ మోటారు స్క్రూలు ఏ రంగులో ఉన్నాయో చూసుకోండి.

లెక్క తప్పితే కట్ చేసే పరికరం

ఆకుపచ్చ తీగ బాగానే ఉన్నా, అన్ని లోపాలూ అలా ధడాలుమని బయటపడవు. మోటారు చుట్టల్లోకి చెమ్మ చేరి యాభై మిల్లీఆంపియర్లో, వందో నెమ్మదిగా కారుతూ ఉండొచ్చు. తీగ మంచిదైతే ఆ కారేది దాని వెంట తిరిగి పోతుంది, ఎవరికీ తెలియదు. ఒకరోజు ఆ తీగ తుప్పు పట్టి ఊడిందా, ఆ కారేదంతా డొక్కు మీద కూర్చుంటుంది. దీన్ని పట్టుకోవడానికి డాల్జియెల్ గారే 1961లో ఒక పరికరం తయారు చేశారు. అదే ఈనాడు ప్రతి బాత్‌రూములో, వంటింట్లో రెండు చిన్న బొత్తాలతో కనిపించే జి.ఎఫ్.సి.ఐ. గ్రౌండ్ ఫాల్ట్ సర్క్యూట్ ఇంటరప్టర్ అని పూర్తి పేరు.

అది పనిచేసే తీరు మన కిరాణాకొట్టు శెట్టిగారి చిట్టా లాంటిది. వెళ్ళింది ఎంత, వచ్చింది ఎంత? మోటారుకి పోయే తీగా, మోటారు నుంచి వచ్చే తీగా రెండూ ఒక చిన్న ఇనుప వలయంలోంచి వెళతాయి. రెండిట్లోనూ కరెంటు సమానంగా ఉంటే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు ఇంకే దారినో, బహుశా ఎవరి ఒంట్లోంచో, పోతోందన్నమాట. వలయానికి చుట్టిన మూడో చుట్టలో ఆ తేడాకి తగ్గ సంకేతం పుడుతుంది, స్విచ్చి కట్టయిపోతుంది. తేడా 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల మధ్యకి రాగానే పడిపోవాలని ప్రమాణం. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో పైన చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లీకు పెద్దదయితే సెకనులో నలభయ్యో వంతులో కట్టవ్వాలి. మన దేశంలో ఇళ్ళల్లో పెట్టే ఆర్.సి.సి.బి. కూడా ఈ జాతిదే, కాకపోతే అది సాధారణంగా 30 మిల్లీఆంపియర్లకి పడేలా ఉంటుంది.

ఈ పరికరానికీ ఈతకొలనుకీ అనుబంధం పాతది. అమెరికాలో విద్యుత్ పనులకి ప్రమాణం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. 1897లో మొదలైంది, ఇప్పుడు మూడేళ్ళకోసారి కొత్త కూర్పు వస్తుంది. అందులో కొలనులకి ప్రత్యేకించినది 680వ ప్రకరణం. జి.ఎఫ్.సి.ఐ. ఉండి తీరాలని ఆ కోడ్ మొట్టమొదట పట్టుబట్టింది బాత్‌రూముల్లో కాదు, 1968 కూర్పులో కొలను అడుగున ఉండే లైట్లకి. బాత్‌రూముల వంతు 1975లో వచ్చింది. పంపుల విషయానికొస్తే, నేరుగా తీగలతో బిగించిన 240 వోల్టుల మామూలు ఇంటి పంపులకి కూడా ఇది ఉండాలని 2008 కూర్పులో చేర్చారు. 2020 కూర్పు ఇంకో మెట్టు ఎక్కి, పాత మోటారు తీసి కొత్తది పెట్టినా సరే జి.ఎఫ్.సి.ఐ. పెట్టాల్సిందేనంది. అంటే 1995లో కట్టిన ఇంట్లో ఇన్నాళ్ళూ లేదు కాబట్టి ఇప్పుడూ అక్కర్లేదు అనే వాదన చెల్లదు. మోటారు మార్చిన రోజున ఆ పాత మినహాయింపు పోతుంది. అయితే కోడ్ దానంతటదే చట్టం కాదు. రాష్ట్రాలూ, ఊళ్ళూ దాన్ని ఆమోదించాలి, ఒక్కొక్కచోట ఒక్కో కూర్పు అమలులో ఉంటుంది. మీ ఊరి బిల్డింగ్ డిపార్టుమెంటుకి ఫోన్ చేస్తే చెప్తారు.

240 వోల్టుల జి.ఎఫ్.సి.ఐ. బ్రేకరు వంద డాలర్ల పైమాట, మామూలు బ్రేకరు దానిలో చిన్న వంతు. చాలా ఇళ్ళల్లో ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. కొత్త బ్రేకరు పెట్టారు, రెండు రోజులకోసారి పడిపోతోంది. వచ్చిన పనివాడు "ఈ బ్రేకర్లు ఇంతేనండీ, మామూలుది వేసేస్తా" అంటాడు. వేసేస్తాడు. పంపు హాయిగా తిరుగుతుంది, ఆయన మంచి మెకానిక్ అని వాట్సాప్ గ్రూపులో పేరు కూడా వస్తుంది.

నిజం చెప్పాలంటే, బ్రేకరు పడటానికి ఎప్పుడూ ప్రమాదమే కారణం కాదు. 2021 జులై నుంచి అమల్లోకొచ్చిన ఇంధన శాఖ నిబంధనల వల్ల ఇళ్ళల్లో వాడే మధ్యరకం, పెద్దరకం కొత్త పంపులు దాదాపు అన్నీ వేగం మార్చుకోగలిగేవే. వేగం సగానికి తగ్గిస్తే కరెంటు ఖర్చు సుమారు ఎనిమిదో వంతుకి పడుతుంది కాబట్టి ఆ నిబంధనలో న్యాయముంది. అయితే అలా వేగం మార్చే ఎలక్ట్రానిక్స్ సెకనుకి వేలసార్లు కరెంటుని ఆపి వదులుతూ ఉంటాయి. ఆ గోలని అణిచే ఫిల్టర్లు కొంత కరెంటుని ఆకుపచ్చ తీగలోకి వదుల్తాయి. చిట్టాలో తేడా కనపడి బ్రేకరు పడిపోతుంది. దీనికి మందు బ్రేకరుని పీకెయ్యడం కాదు. మోటారు తయారీదారు ఏ బ్రేకరుతో కుదురుతుందని చెప్పాడో చూసి అది పెట్టడం, తీగల కలుపుల్లో చెమ్మ ఉందేమో చూడటం, మోటారు తొడుగు నిరోధాన్ని మెగ్గర్‌తో కొలిపించడం. ఇంకో చిన్న సంగతి. రెండు ధ్రువాల జి.ఎఫ్.సి.ఐ. బ్రేకరుకి వెనకాల ఒక తెల్ల తోక తీగ ఉంటుంది. మోటారుకి న్యూట్రల్ అక్కర్లేదు కదా అని దాన్ని గాలికి వదిలేస్తారు కొందరు. బ్రేకరులోని ఎలక్ట్రానిక్స్‌కి తిండి ఆ తీగ ద్వారానే అందుతుంది. ప్యానెల్లో న్యూట్రల్ పట్టీకి దాన్ని బిగించాలి. బిగించాక నెలకోసారి టెస్ట్ బొత్తం నొక్కి చూడాలి.

నాలుగో తీగ

ఇప్పుడు వీడియోల్లో కనపడని తీగ దగ్గరికి వద్దాం. పాత మోటారు డొక్కుకి బయటివైపు ఒక బిగింపు ఉంటుంది, దానికి తొడుగు లేని లావుపాటి రాగి తీగ ఒకటి కట్టి ఉంటుంది. ఇది ఏ ప్యానెల్‌కీ వెళ్ళదు, నేలలోకి దిగిపోతుంది. దాని పని తెలియకపోతే కత్తిరించి పారెయ్యబుద్ధవుతుంది. కొత్త మోటారు పెట్టేటప్పుడు ఆ తీగని అలా నేల మీద వేలాడదీసి వెళ్ళిపోయిన పనివాళ్ళు కోకొల్లలు. మోటారుకి అది లేకపోయినా తిరగడంలో తేడా ఉండదు మరి.

కరెంటు తీగ మీద కాకులు వాలతాయి, వాటికేమీ కాదు. దాని రెండు కాళ్ళూ ఒకే వోల్టేజి మీద ఉన్నాయి, తేడా లేదు, కరెంటు పారదు. అదే వానాకాలంలో చెడిన కరెంటు స్తంభం దగ్గర మేస్తున్న గేదె, స్తంభాన్ని ముట్టుకోకుండానే పడిపోతుంది. ముందు కాళ్ళ దగ్గర నేలకీ వెనక కాళ్ళ దగ్గర నేలకీ మధ్య వోల్టేజిలో తేడా ఉంది కాబట్టి. నాలుగో తీగ చేసే పనల్లా కొలను చుట్టుపక్కల మనిషిని గేదె పరిస్థితిలోంచి కాకి పరిస్థితిలోకి మార్చడం. దీన్ని బాండింగ్ అంటారు. మనిషి ఒకేసారి తాకగలిగిన వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేస్తే, వోల్టేజి పెరిగినా అన్నిటిదీ కలిసి పెరుగుతుంది.

వేటిని కలపాలి? కొలను కాంక్రీటులోని ఇనుప చువ్వలు, నిచ్చెన, పట్టుకునే కమ్మీలు, లైటు గూడు, పంపు మోటారు, హీటరు, పక్కనే ఉన్న లోహపు కంచె. వీటితోపాటు కొలను అంచు నుంచి మూడడుగుల దాకా మనం నడిచే గట్టు కూడా. ఆఖరికి నీళ్ళని కూడా. లోహపు భాగాలేవీ నీళ్ళకి తగలకపోతే కనీసం తొమ్మిది చదరపు అంగుళాల లోహపు ముక్కని నీళ్ళకి తగిలేలా పెట్టి దాన్ని ఈ జాలానికి కట్టాలి. నీళ్ళకి బాండింగ్ ఏమిటని నవ్వొస్తుంది గానీ, పంపులోంచి వచ్చే గొట్టాలన్నీ ప్లాస్టిక్కే అయినా, వాటి నిండా ఉన్నది కరెంటు పారే నీళ్ళే. తీగ 8 నంబరుది అయి ఉండాలి, పురి పెట్టినది కాకుండా ఒకే ఘనమైన రాగి, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం. రెండింతల తొడుగు ఉన్న మోటారుకి దీన్ని కట్టకూడదు. అయినా, రేపెప్పుడో మామూలు మోటారు పెట్టాల్సి రావచ్చని, తీగ పొడవుని మాత్రం దాని పక్కన అందుబాటులో ఉంచమంటుంది కోడ్. ఇలాంటి దూరదృష్టి మా ప్రోగ్రాముల్లో కూడా ఉంటే సగం తలనొప్పులు తగ్గేవి.

జి.ఎఫ్.సి.ఐ. ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. జి.ఎఫ్.సి.ఐ. తన గుండా పోయే కరెంటు లెక్కనే చూస్తుంది. ఈ దేశంలో వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ల దాకా వచ్చే హైవోల్టేజి లైన్ల న్యూట్రల్‌ని అడుగడుగునా నేలకి కడతారు. దాంతో తిరిగిపోయే కరెంటులో కొంత నేలలోంచి పారుతుంది, న్యూట్రల్ మీద నేలతో పోలిస్తే ఒకటో, రెండో, ఒక్కోచోట ఇంకాస్త ఎక్కువో వోల్టులు నిలుస్తాయి. మీ ఇంటి ఆకుపచ్చ తీగ న్యూట్రల్‌కే కట్టి ఉంది కాబట్టి ఆ వోల్టులు నిచ్చెన మీదకీ వస్తాయి. తడి గట్టు మీద నిలబడి నిచ్చెన పట్టుకుంటే జిల్లుమంటుంది. ఇందులో మీ పంపు తప్పేమీ లేదు, మెయిన్ బ్రేకరు కట్టేసినా ఆ జిల్లు ఆగదు. దీనికి బాండింగ్ ఒక్కటే విరుగుడు. గట్టుని కూడా కలపమనే నియమం ఇప్పుడున్న రూపానికి వచ్చింది 2005, 2008 కూర్పుల్లోనే కాబట్టి, అంతకు ముందు కట్టిన చాలా కొలనులకి గట్టులో ఈ తీగ ఉండకపోవచ్చు. ఇల్లు కొనేముందు వచ్చే ఇన్‌స్పెక్టరు దీన్ని మామూలుగా కొలవడు. కొలను పనులు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విడిగా కొలిపించుకోవాలి. మెయిన్ కట్టేసినా జిల్లు ఆగలేదంటే మాత్రం కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యండి, వాళ్ళ న్యూట్రల్ ఎక్కడైనా వదులైందేమో చూడాల్సింది వాళ్ళే.

మన అలవాట్లు ఇక్కడ చెల్లని చోట్లు

మనవాళ్ళలో చాలామందికి ఇంటి కరెంటు పనుల్లో చెయ్యి తిరిగే ఉంటుంది. ఫ్యూజు తీగ చుట్టడం దగ్గర్నించి ట్యూబులైటు చోకు మార్చడం దాకా చేసే పెరిగాం. కానీ అక్కడ నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ ప్రాణాంతకం. మన పాత ఇళ్ళల్లో నల్ల తీగ అంటే న్యూట్రల్, ఎర్రదంటే ఫేజు. ఇక్కడ నల్లదే ఫేజు, న్యూట్రల్ తెల్లది. 240 వోల్టుల పంపుకి వచ్చేవి రెండూ ఫేజులే, ఒక్కొక్కటీ నేలతో పోలిస్తే 120 వోల్టులు, న్యూట్రల్ అసలు ఉండదు. మన దగ్గర ఫేజు మీద ఒక్క స్విచ్చి పెట్టి ఆపేస్తే మోటారు దాదాపు చచ్చినట్టే. ఇక్కడ ఒక తీగని మాత్రమే కట్ చేసే స్విచ్చి పెడితే మోటారు ఆగుతుంది, రెండో తీగ మీద 120 వోల్టులు అలాగే ఉంటాయి. కాబట్టి రెంటినీ ఒకేసారి తెంచే స్విచ్చి కావాలి. అది పంపు దగ్గర నుంచి కనపడేలా ఉండాలి, కొలను లోపలి అంచుకి ఐదడుగుల కన్నా దగ్గరగా ఉండకూడదు. నీళ్ళలో ఉన్న మనిషి చెయ్యి చాపి స్విచ్చి నొక్కకూడదు కదా.

చొక్కా జేబులో ఉండే నియాన్ టెస్టర్ని నమ్ముకోకండి. అది వెలగకపోతే కరెంటు లేదని కాదు, దాని దీపం మాడి ఉండొచ్చు, మీరు రబ్బరు బూట్లేసుకుని ఉండొచ్చు. మంచి మీటరుతో రెండు తీగల మధ్యా, ఒక్కోదానికీ ఆకుపచ్చకీ మధ్యా కొలవండి. అన్నీ కట్టేశాక కూడా పాతరకం మోటారు నెత్తిన డిప్పలో ఉన్న కెపాసిటర్లో కరెంటు దాగి ఉంటుంది.

కొన్ని మోటార్లు 115కీ, 230కీ మార్చుకునేలా వస్తాయి. 115కి పెట్టినదానికి 230 ఇస్తే పొగ వస్తుందని చెప్పక్కర్లేదు. వీలైతే ఎక్కువ వోల్టేజి నయం. ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారుకి కోడ్ పట్టికలో 230 దగ్గర 10 ఆంపియర్లు, 115 దగ్గర 20 ఆంపియర్లు. ప్యానెల్ వంద అడుగుల దూరంలో ఉంటే పోనూ రానూ రెండువందల అడుగుల 12 నంబరు తీగకి సుమారు 0.4 ఓములు. 10 ఆంపియర్లకి 4 వోల్టులు పోతాయి, 240లో అది లెక్కలోది కాదు. అదే 20 అయితే 120లో 8 వోల్టులు పోతాయి, మోటారు నీరసించి వేడెక్కుతుంది. పైగా మోటారు తీగలకి నాలుగోవంతు అదనపు మోత ఉండాలన్న నియమం ప్రకారం 115 దగ్గర 12 నంబరు తీగ సరిపోకపోవచ్చు. కొత్తగా కాలువ తవ్వి ప్లాస్టిక్ గొట్టంలో తీగలు వెయ్యాల్సి వస్తే 18 అంగుళాల లోతు కావాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

పర్మిట్ తీసుకోవడమంటే మనవాళ్ళకి ఒక రకమైన విసుగు. చాలాచోట్ల ఇంటి యజమాని తన ఇంట్లో తాను పని చేసుకోవచ్చు, కొన్నిచోట్ల కుదరదు. ఎలా చేసినా పర్మిట్ ఫీజుకి వచ్చే అసలు లాభం, మన పనితో ఏ లావాదేవీ లేని ఇంకో మనిషి వచ్చి ఆ నాలుగు తీగల్నీ చూసి వెళ్ళడం. ప్రోగ్రాము రాసినవాడే పరీక్షిస్తే ఏమవుతుందో మన వృత్తివాళ్ళకి చెప్పాలా?

చివరిగా, నీళ్ళలో ఉన్నప్పుడు ఒళ్ళు జివ్వుమన్నా, పిల్లలు "ఏదో గుచ్చుకుంటోంది" అన్నా తేలిగ్గా తీసుకోకండి. అందర్నీ లోహపు నిచ్చెన, కమ్మీలు ముట్టుకోకుండా, లైటుకి దూరంగా ఉన్న అంచు మీదుగా పైకి రమ్మనండి. ఎవరైనా కదలకుండా ఉండిపోతే వెంటనే నీళ్ళలోకి దూకొద్దు. హ్యూస్టన్‌లో ఆ అన్నకి జరిగింది అదే. ముందు మెయిన్ బ్రేకరు కట్టెయ్యాలి, పంపు స్విచ్చి ఒక్కటీ చాలదు, ఎందుకంటే లోపం లైటులో ఉండొచ్చు. ఇంకొకరు 911కి ఫోన్ చెయ్యాలి. ఫైబర్‌గ్లాసుదో, పొడి చెక్కదో పొడుగాటి కర్ర ఉంటే దానితో మనిషిని అంచుకి లాగాలి, చాలా కొలనుల దగ్గర ఆకులు తీసే కర్ర ఉంటుంది గానీ అది అల్యూమినియందయితే పనికిరాదు. ఊపిరి ఆడకపోతే బయటికి తీసిన వెంటనే సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. టెక్సాసులో చాలా ఇళ్ళకి మెయిన్ బ్రేకరు బయట గోడకే ఉంటుంది, కొన్ని ఇళ్ళల్లో గరాజులో ఉంటుంది. మీ ఇంట్లో ఎక్కడుందో ఈ శనివారం చూసి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ ఒకసారి చూపించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా పిల్లలతో ఇంట్లో ఉండేది వాళ్ళే కాబట్టి, వాళ్ళకి తెలుగులో రాసి పెట్టండి.